మంచుకాలంలో పెరటి ఫీడర్ దగ్గర పక్షులను గమనించే పద్ధతి

న్యూజెర్సీ వంటి ఈశాన్య అమెరికా రాష్ట్రాల్లో అక్టోబరు చివరికల్లా పెరట్లో ఫీడర్, అంటే పక్షులకు గింజలు పెట్టే పాత్ర, అమర్చుకుంటే, తొలి మంచు పడేనాటికి పక్షులు ఆ చోటుకు అలవాటు పడతాయి. చూరుకు వరికంకుల కుచ్చు కట్టి పిచ్చుకలకు పెట్టిన ఇళ్లలో పెరిగిన మనకు ఈ పని కొత్తదేమీ కాదు. కాకపోతే ఇక్కడ ఏ గింజను ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి వచ్చే పక్షులు మారుతాయి.

ఒకే రకం కొనదలిస్తే నల్లటి చిన్న పొద్దుతిరుగుడు గింజలే కొనాలి. వాటి పొట్టు పలచన, పప్పులో కొవ్వు ఎక్కువ. చవక మిశ్రమాల్లో కలిపే ఎర్రజొన్నలను ఇక్కడి పక్షుల్లో చాలావరకు ముట్టకుండా కింద పడేస్తాయి. వడ్రంగి పిట్టలకు సూయెట్ అనే పశువుల కొవ్వు దిమ్మ ఇష్టం. శాకాహారుల ఇళ్లలో అందుకు మనసొప్పకపోతే, ఉప్పు కలపని పల్లీలు పెట్టినా అవి వస్తాయి.

ఫీడర్‌ను కిటికీకి 3 అడుగుల లోపు గానీ, 30 అడుగులకు అవతల గానీ ఉంచాలి. దగ్గరగా ఉంటే బెదిరి ఎగిరిన పక్షి అద్దాన్ని తాకినా, అప్పటికి వేగం పుంజుకోదు కనుక పెద్ద దెబ్బ తగలదు. జబ్బులు పాకకుండా రెండు వారాలకొకసారి ఫీడర్‌ను సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో నానబెట్టి, మళ్లీ బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. 1994లో రాజధాని వాషింగ్టన్ డీసీ పరిసరాల్లో హౌస్ ఫించ్ అనే చిన్న పిట్టలకు సోకిన కంటి జబ్బు తరువాతి ఏళ్లలో తూర్పు రాష్ట్రాలంతటా పాకింది. కళ్లు వాచిన ఫించ్ ఒకటి మా ఫీడర్ మీద కనబడినప్పుడు, మంచులో మిగతావాటి తిండి మాన్పించలేక నేను రెండు రోజులు ఆలస్యం చేశాను, అది తప్పు. అలాంటి పక్షి ఒక్కటి కనిపించినా వెంటనే ఫీడర్ దించేయాలి, తక్కినవి వేరేచోట తిండి వెతుక్కోగలవు.

ఇక చూడటం. రంగు కంటే ముందు తినే తీరును గమనించాలి. నల్లటోపీ చికడీ అనే చిన్న పిట్ట ఒక్క గింజను ముక్కున కరుచుకుని కొమ్మ మీదికి ఎగిరిపోతుంది, గింజను రెండు కాళ్ల మధ్య అదిమిపట్టి, పొట్టు విడేదాకా టకటకా పొడిచి, పప్పు తిని మళ్లీ వస్తుంది. కార్డినల్ అనే పిట్ట కూర్చున్నచోటు వదలదు, తన మందపాటి ముక్కుతోనే గింజను దొర్లించి చిట్లిస్తుంది. ఉత్తరాది నుంచి చలికాలానికి వచ్చే బూడిదరంగు జంకో పిట్టలు ఎక్కువగా నేల మీదే ఏరుకుంటాయి కాబట్టి వాటికి కొన్ని గింజలు కింద చల్లాలి.

చూసినవి రాసిపెట్టుకోదలిస్తే, కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ, బర్డ్స్ కెనడా కలిసి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నడిపే ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్ లెక్క పద్ధతి మేలైనది. ఒకే పక్షిని రెండుసార్లు లెక్కించకుండా, ఒక జాతికి చెందినవి ఒకేసారి ఎన్ని కనబడ్డాయో అందులో పెద్ద సంఖ్యను మాత్రమే రాయాలి. పొద్దున రెండు కార్డినళ్లు, సాయంత్రం మూడు వస్తే రాయవలసింది మూడే, ఐదు కాదు.