మేడ మీద ‘నోస్ఫెరాటు’ వేయాలంటే

1922 నాటి ఈ జర్మన్ మూకీని బెంగళూరులో అపార్ట్‌మెంట్ మేడ మీద వేసేటప్పుడు ప్రొజెక్టర్ కన్నా ముందు ప్రింటు సంగతి చూసుకోవాలి. బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’ను అనుమతి లేకుండా, పేర్లు మార్చి తీశారు. ఆయన భార్య కోర్టుకెక్కితే 1925లో ప్రింట్లు ధ్వంసం చేయమని తీర్పొచ్చింది. తప్పించుకున్న కాపీల నుంచి వచ్చినవే కాబట్టి నెట్‌లో దొరికేవన్నీ ఒకేలా ఉండవు.

రంగు అద్దిన కాపీయే తీసుకోండి. రాత్రి దృశ్యాలు చాలావరకు పట్టపగలే తీసి, ప్రింటుకి నీలం అద్ది రాత్రి చేశారు. దీపపు వెలుగుకు పసుపు. ఉత్త నలుపు-తెలుపు కాపీ వేశారో, సినిమాలోని రక్తపిశాచి ఓర్లోక్ శవపేటిక చంకన పెట్టుకుని మిట్టమధ్యాహ్నం ఊళ్లో తిరుగుతాడు, జనం నవ్వుతారు. పైగా ఎండ తగిలి చావడం నవలలో లేదు, ఈ సినిమా కల్పించిందే. రాత్రీ పగలూ తేడా తెలియకపోతే ముగింపు అర్థం కాదు.

నిడివి సుమారు గంటన్నర ఉండాలి. గంటకే అయిపోతే వేగం పెరిగిందో, కోతలు పడ్డాయో అన్నమాట. అడవిలో గుర్రపుబండి గబగబా ఉరకడం మాత్రం లోపం కాదు, దర్శకుడు మూర్నౌ కావాలనే అలా తీశాడు.

వెడల్పు-ఎత్తుల నిష్పత్తి ప్రొజెక్టర్‌ది 16:9, సినిమాది 4:3. తెర మీద వెలుగు 8 అడుగుల వెడల్పుంటే ఎత్తు నాలుగున్నర, అందులో బొమ్మ 6 అడుగులే. పక్కల నలుపు ఉండనివ్వండి. సాగదీస్తే ఓర్లోక్ పొట్టిగా, లావుగా అయిపోతాడు, భయమంతా పోతుంది. త్రో రేషియో (తెరకున్న దూరాన్ని వెలుగు వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.2 అయితే ప్రొజెక్టర్‌ను తొమ్మిదిన్నర అడుగుల దూరంలో పెట్టాలి. మేడ గాలికి తెర ఊగకుండా కింది మడతలో ఇసుక నింపిన పీవీసీ పైపు దూర్చండి. ఏడున్నరకు మొదలెడితే సౌండ్ ఆపాల్సిన పది గంటలకు చాలా ముందే అయిపోతుంది.

టైటిల్ కార్డులను, అంటే మధ్యమధ్య తెర మీద అక్షరాల్లో వచ్చే మాటలను, ముందే తెలుగులో రాసుకుని ఒకరు మైకులో చదవాలి. మూకీల రోజుల్లో మన హాళ్లలోనూ ఇలాగే చదివేవారు. కొన్ని ఇంగ్లీషు కాపీల్లో నవల పేర్లే ఉంటాయి, అప్పుడు ఓర్లోక్ డ్రాక్యులా అవుతాడు. ఏదో ఒకటే వాడండి. చదివేవాళ్లు ప్రేక్షకుల వెనక, చిన్న ఎర్రలైటు కింద కూర్చోవాలి. ఓర్లోక్ నీడ మెట్లెక్కే చోట కార్డు ఉండదు, అక్కడ నోరు విప్పకూడదు. ఆపుకోలేని మనిషికి అసలు మైకు ఇవ్వకండి.