పాత సైనిక రైఫిలు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం ఎలా?

గోదావరి డెల్టాలో ఏ పాత లోగిలి అటక మీదనైనా సైనిక రైఫిలు బయటపడితే, దాని చరిత్ర కంటే ముందు దాని కాగితాలు వెతకాలి. మిలిటరీ మాధవరం వంటి ఊళ్ల నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ ఎందరో వెళ్లారు గాని, వాళ్లు మోసిన రైఫిళ్లు సర్కారువి. అందువల్ల ఇంట్లో రైఫిలు ఉందంటే లైసెన్సు తప్పనిసరిగా ఉండాలి. లైసెన్సుదారు మరణించి ఉంటే, వారసులు దానిని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని జమ చేసి, తమ పేరున దరఖాస్తు చేసుకోవాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఒక్కొక్కరికి, వారసత్వపు ఆయుధాలతో కలిపి, రెండింటికి మించి అనుమతి లేదు. పైగా ఇటువంటి పాత సైనిక రైఫిళ్ల .303 కొలత నిషేధిత బోరు, అంటే సామాన్యులకు మామూలుగా లైసెన్సు ఇవ్వని గొట్టపు కొలత. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. అయితే మీది అటువంటిదేనని మీకు మీరే నిర్ణయించుకోకుండా కలెక్టరు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

రెండో పని, రైఫిలులో తూటా లేదని డీలరు చేత నిర్ధారణ చేయించడం.

ఇక అసలు విషయం. బ్రిటిషు సైన్యం వాడిన .303 రైఫిలు లీ ఎన్‌ఫీల్డు. అందులో బోల్టు పిడికి దిగువన, భుజానికి ఆనించే మడమ చెక్క మొదలయ్యేచోట ఇనుప పట్టీ ఉంటుంది. దాని కుడి వైపున టార్చిలైటు వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి చూస్తే కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, కర్మాగారం పేరు, సంవత్సరం, మోడలు వరుసగా కనబడతాయి. కర్మాగారాల్లో ఎన్‌ఫీల్డు, బీఎస్‌ఏ (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్), ఎల్‌ఎస్‌ఏ (లండన్ స్మాల్ ఆర్మ్స్) ఇంగ్లండువి, లిత్‌గో ఆస్ట్రేలియాది, ఇషాపూర్ కలకత్తా దగ్గరిది. 1907లో వచ్చిన మూడో మార్కు (మార్క్ III) రైఫిలును మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పని తగ్గించేందుకు సరళం చేసి, 1916లో మోడలు పేరుకు నక్షత్రం గుర్తు చేర్చారు. ఎఫ్‌టీఆర్ అన్న అక్షరాల పక్కన సంవత్సరం ఉంటే, ఆ ఏడు కర్మాగారంలో సమగ్రంగా మరమ్మతు జరిగిందని అర్థం. డీపీ అని ఉంటే అది కవాతు శిక్షణకే పరిమితం. దానిని ఎన్నడూ పేల్చరాదు.

తరువాత బోల్టు మీది సంఖ్యను గొట్టం మీది సంఖ్యతో పోల్చండి. అవి కలవకపోతే ఏదో ఒక భాగం మారిందన్నమాటే. అది లోపం కాదని నా అభిప్రాయం. ఆ రైఫిలు సేవలో గడిపిన కాలానికి అదీ ఒక సాక్ష్యమే. ఇషాపూర్ రైఫిళ్లలో ముందు చెక్కకు అడ్డంగా బిగించిన స్క్రూ కూడా అటువంటిదే: చెక్క చీలకుండా వేసిన కట్టు అది.

తుప్పు కనబడగానే గరుకు కాగితంతో రుద్దకండి. అక్షరాలు అరిగితే చరిత్ర తిరిగి రాదు. కోనసీమలో చేతికి అందేది కొబ్బరి నూనె అయినా, అది ఆరక ముక్కిపోతుంది. చెక్కకు పల్చగా అవిసె నూనె, ఇనుముకు తుపాకీ నూనె వాడండి. తోలు సంచి వానాకాలపు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి రైఫిలును గాలి ఆడే తాళం బీరువాలో సిలికా పొట్లాలతో ఉంచి, ముద్రల ఫొటోలనూ లైసెన్సు నకలునూ వేరే చోట భద్రపరచండి.