పోలికల పాఠాలు – 5: గొలుసు కట్టిన పోలిక ఎంత దూరం నిలుస్తుంది?

నాలుగో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులను వరుసగా చదివాను. చదివిన తరువాత, ఈసారి మొదలుపెట్టవలసిన ఫజీ ప్రశ్నల (అవును, కాదు అని కాక 0, 1ల మధ్య మేరతో జవాబు అడిగే ప్రశ్నల) అంశాన్ని వాయిదా వేయక తప్పదని తేలింది. పలాస జీడిపప్పు లాట్లు అయిదింటిని పోలికను బట్టి గుంపులుగా విడదీయమని అడిగితే, ఎక్కువమందికి అయిదు లాట్లూ ఒకే గుంపులో పడ్డాయి. టెక్కలి నుంచి రాసిన ఒక విద్యార్థిని పట్టికంతా తప్పు లేకుండా వేసి, చివరి వరుసలో, 240 కౌంటు పప్పూ 320 కౌంటు పప్పూ ఒకే గుంపు అయితే బజారులో వాటికి రెండు ధరలు ఎందుకున్నాయని అడిగింది. ఆ ప్రశ్న చాలా సరైనది. తప్పు ఆమె లెక్కలో లేదు. రెండు లాట్లు కలవడానికి పోలిక హద్దు 0.75 అని చెప్పి, గుంపు అంటే ఏమిటో చెప్పకుండా పాఠం ముగించడం నా పొరపాటు. అందుచేత ఈ పాఠమంతా ఆ ఒక్క ముడిని విప్పడానికే.

లెక్కను ఒకసారి ముందు పెట్టుకుందాం. జీడిపప్పులో కౌంటు అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, తూగే గుండు పప్పుల సంఖ్య. డబ్ల్యూ 240 అన్న రకంలో పౌనుకు 220 నుంచి 240 పప్పులు, డబ్ల్యూ 320 రకంలో 300 నుంచి 320 పప్పులు తూగుతాయి. సంఖ్య తక్కువైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. మన అయిదు లాట్ల కౌంట్లు 240, 260, 280, 300, 320. రెండు లాట్ల పోలిక తెలియాలంటే వాటి కౌంట్ల తేడాను 100తో భాగించి, వచ్చినదాన్ని 1లోంచి తీసివేయాలి. తేడా 100 దాటితే పోలిక సున్న అనుకోవాలి. అప్పుడు పక్కపక్క లాట్ల మధ్య పోలిక 0.8, ఒకటి విడిచి ఒకటైతే 0.6, రెండు విడిస్తే 0.4, రెండు చివరల మధ్య 0.2. పరావర్తనం (తనతో తన పోలిక 1), సౌష్ఠవం (ఎటు నుంచి చూసినా పోలిక ఒకటే) తేలికైనవే కాబట్టి వాటిని దాటేస్తున్నాను. మన చిక్కంతా మూడోదైన సంక్రమణంలోనే ఉంది.

మామూలు గణితంలో ‘క’ ‘ఖ’తో సమానమై, ‘ఖ’ ‘గ’తో సమానమైతే, ‘క’ ‘గ’తో సమానం. సమానత్వానికి ఈ మాట చెల్లుతుంది. పోలికకు చెల్లదు. 240కి 260 దగ్గర, 260కి 280 దగ్గర, అలా ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ 320 దాకా వెళ్లవచ్చు. ఎక్కడా కాలు జారదు, కాని చేరిన చోటు బయలుదేరిన చోటికి చాలా దూరం. మీలో చాలామంది చేసింది ఇదే. పోలిక 0.75 గాని అంతకు మించి గాని ఉన్న జతలన్నిటినీ గీతలతో కలిపి, గీత మీద గీత పట్టుకుని పోయి, చేరుకోగలిగిన లాట్లన్నిటినీ ఒక గుంపు అన్నారు. హద్దును 0.8 చేసినా ఫలితం మారదు. 0.81 చేస్తే మాత్రం ఏ రెండూ కలవవు. అన్నీ ఒకటి కావడం, లేదా అన్నీ విడిపోవడం తప్ప మధ్యస్థితి ఏదీ రాకపోతే, చూడవలసింది హద్దును కాదు, గొలుసును.

ఇక్కడ నన్ను ఏళ్ల తరబడి బాధిస్తున్న ఒక అలవాటు గురించి వివరంగా చెప్పాలి. ఫజీ సమితులను 1965లో ప్రతిపాదించిన లోట్ఫీ జాదే, 1971లో పోలిక సంబంధానికి ఒక నిర్వచనం ఇచ్చారు. దాని ప్రకారం ‘క’, ‘గ’ల పోలిక, ‘క’–‘ఖ’ల పోలికకూ ‘ఖ’–‘గ’ల పోలికకూ మధ్య చిన్నదానికంటే తక్కువ కాకూడదు. ఇది కనిష్ఠ సంక్రమణం. ఆయన ఈ షరతు పెట్టడానికి బలమైన కారణం ఉంది: షరతు నెరవేరిన పట్టికను ఏ హద్దు దగ్గర కోసినా, ఒకదానితో ఒకటి కలగలవని శుభ్రమైన గుంపులు వస్తాయి. పరిశోధకులు బకిల్స్, పెట్రీ 1982లో ఫజీ రిలేషనల్ డేటాబేస్‌కు రూపకల్పన చేసినప్పుడు ఈ నిర్వచనాన్నే తీసుకున్నారు, ఎందుకంటే ఏ వరుస ఏ వరుసకు పునరుక్తి అన్నది అక్కడ ఒకే రకంగా తేలాలి. ఇంతవరకు ఎవరి తప్పూ లేదు. తప్పు ఎక్కడంటే, ఆ షరతును నెరవేర్చని పట్టికను చేతిలోకి తీసుకుని, ప్రతి జతకూ మధ్యదారులు వెతికి, దారిలోని కనిష్ఠం అసలు విలువ కంటే పెద్దదైతే ఆ పెద్దదాన్ని రాసేసి, పట్టికను బలవంతంగా సంక్రమణం చేయడంలో ఉంది. మన జీడిపప్పు పట్టికకు ఆ పని చేస్తే 240, 320ల మధ్య ఉన్న 0.2 కాస్తా 0.8 అవుతుంది. కొత్తగా ఒక్క పప్పు కూడా తూచకుండానే పోలిక నాలుగింతలైంది! మీరు గీతలు కలుపుకుంటూ పోయిన పద్ధతి, ఈ బలవంతపు పద్ధతి, రెండూ ఒకటే. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో, హద్దు దాటిన జతలను రికర్సివ్ క్వెరీతో (తన ఫలితం మీదే మళ్లీ నడిచే ప్రశ్నతో) వెంబడించి గుంపు సంఖ్య ఇచ్చేవారు కూడా, తెలిసినా తెలియకపోయినా, చేస్తున్నది అదే.

దీని నష్టం నేను కళ్లారా చూశాను. చాలా కాలం కిందట విజయనగరం వైపు ఒక సంస్థకు సభ్యుల జాబితాలోని పునరుక్తులను ఏరివేసే పని చేశాను. అక్షర సవరణల దూరం ఒకటి అయితే, అంటే ఒక్క గుర్తు మారిస్తే ఒక పేరు ఇంకో పేరు అయిపోతే, జత కలిపాను, జతలను గొలుసు కట్టాను. రామారావు, రామరావు, రమరావు, రమణరావు: ఒక్కొక్క అడుగులో ఒక్క గుర్తు మాత్రమే మారింది. మధ్యలో ఉన్న రెండు పేర్లూ టైపు చేసేటప్పుడు దొర్లిన తప్పులు. కాని ఆ తప్పులే వంతెనలై, ఇద్దరు వేర్వేరు మనుషుల ఖాతాలను కలిపేశాయి. వారిలో ఒకరికి రావలసిన చెల్లింపు రెండోవారి పేరున పోయింది. సరిచేయడానికి నెలలు పట్టింది. అప్పటి నుంచి పట్టికలో లేని పోలికను నేను ఎన్నడూ పుట్టించను.

అలాగని కనిష్ఠ సంక్రమణం పనికిరాదని అనడం లేదు. పట్టిక తనంతట తాను అలా ఉంటే అది చక్కగా పనిచేస్తుంది. చిరునామాలను పోల్చేటప్పుడు, ఊరు ఒకటే అయితే 1, మండలం ఒకటే అయితే 0.8, జిల్లా ఒకటే అయితే 0.5, అదీ కాకపోతే 0.2 అని పెట్టుకోండి. ఒక సంచిలో ఇంకో సంచి పెట్టినట్టు ఉండే ఇలాంటి పొరల అమరికలో కనిష్ఠ షరతు ఎప్పుడూ తప్పదు; మూడేసి ఊళ్లు తీసుకుని మీరే చూసుకోవచ్చు. అయితే ఆ పొరలను నిర్ణయించేది పాలన గాని భూగోళం కాదు. రాజాం, పాలకొండ 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి కాబట్టి వాటి పోలిక 0.5. జిల్లాల పునర్విభజనతో రాజాం విజయనగరం జిల్లాకూ, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకూ చేరాయి కాబట్టి ఇప్పుడది 0.2. పాత పట్టికను అలాగే ఉంచినవారి డేటాబేస్‌లో ఈ తేడా మౌనంగా తప్పులు చేస్తూనే ఉంటుంది.

మరి జీడిపప్పు పట్టికకు ఏ సంక్రమణం సరిపోతుంది? నేను వాడే అడ్డదారి చెబుతాను. పోలికను చూడకండి, లోటును చూడండి. 0.8 అంటే రూపాయికి 20 పైసలు లోటు. రూపాయి ఒక చేయి మారిన ప్రతిసారీ 20 పైసలు పోతే, నాలుగు చేతులు మారేసరికి 80 పైసలు పోయి 20 పైసలు మిగులుతాయి. 240 నుంచి 320 వరకు నాలుగు అడుగులు, మిగిలింది 0.2, నేరుగా కొలిచినా 0.2. రెండు పోలికలను ఒకటిగా కలిపే పద్ధతిని ఫజీ తర్కంలో ‘మరియు’ అంటారు; పోలండ్ తర్కవేత్త లుకాసెవిచ్ పేరుతో పిలిచే ‘మరియు’ ఇదే: రెండు విలువలనూ కూడి ఒకటి తీసివేయాలి, రుణసంఖ్య వస్తే సున్న అనుకోవాలి. లోట్లను కూడడం అంటే దూరాలను కూడడమే కాబట్టి, త్రిభుజ అసమానత్వాన్ని (నేరు దారి చుట్టుదారి కంటే పొడవు కాకూడదన్న నియమాన్ని) పాటించే ఏ దూరాన్నయినా 0, 1ల మధ్యకు కుదించి 1లోంచి తీసివేస్తే, ఈ సంక్రమణం దానంతట అదే వస్తుంది. ‘మరియు’గా రెండు విలువల లబ్ధం వాడేవారూ ఉన్నారు. 0.8ని నాలుగుసార్లు గుణిస్తే 0.4096 వస్తుంది, అది అసలు విలువైన 0.2 కంటే ఎక్కువ, కనుక ఈ పట్టికకు లబ్ధం పొసగదు. నేను లబ్ధాన్ని దాదాపుగా వాడను.

గుర్తుంచుకోండి, గొలుసు వల్ల వచ్చే విలువ ఒక కనీస హామీ మాత్రమే. నేరుగా కొలిచే వీలున్నప్పుడు నేరుగానే కొలవాలి. హామీ అసలు విలువను మించిపోతోందంటే, ఎంచుకున్న ‘మరియు’ ఆ పట్టికకు చెందినది కాదని అర్థం.

ఇప్పుడు గుంపుల మాటకు వద్దాం. 240, 320 లాట్లను రెండు ప్రతినిధులుగా పెట్టుకుని, ప్రతి లాటునూ ప్రతినిధితోనే పోల్చండి. లాటుకూ లాటుకూ మధ్య గొలుసు వద్దు. 260 లాటు మొదటి గుంపుకు 0.8, రెండోదానికి 0.4 మేరకు చెందుతుంది. 300 లాటు దానికి తిరగబడి ఉంటుంది. 280 లాటు రెండింటికీ సరిగ్గా 0.6. దాన్ని ఏదో ఒక గుంపులోకి తోయాలని చాలామంది ఆరాటపడతారు. తోయవద్దు. రెండు సభ్యత్వాలనూ రెండు వరుసలుగా డేటాబేస్‌లో ఉంచండి. పెద్ద పప్పు అడిగిన కొనుగోలుదారుకూ, చిన్న పప్పు అడిగిన కొనుగోలుదారుకూ ఆ లాటు ప్రత్యామ్నాయంగా కనబడాలి. ఫజీ తర్కాన్ని ఇంత శ్రమపడి నేర్చుకుంటున్నది ఇటువంటి 280 లాట్ల కోసమే. ఒక మాట: 0.6 అంటే ఆ లాటు పెద్ద రకం అయ్యే సంభావ్యత 60 శాతం అని కాదు. దాని కౌంటు మనకు నిక్కచ్చిగా తెలుసు, అందులో సందేహం లేదు. ఉన్నదల్లా ‘పెద్ద’ అన్న మాటకు అది ఎంతవరకు తగుతుందన్న కొలత.

కృత్రిమ మేధలో ఇప్పుడు వాక్యాలనూ చిత్రాలనూ సదిశలుగా, అంటే దిశ ఉన్న అంకెల వరుసలుగా, మార్చి వాటి మధ్య కోణపు కొసైన్‌తో పోలిక చూస్తున్నారు. అక్కడా ఇదే ఉచ్చు ఉంది. సమతలంలో 0, 45, 90 డిగ్రీల దిశల్లో మూడు సదిశలు గీయండి. పక్కపక్క వాటి కొసైన్ 0.707. లోట్లను కూడితే చివరల మధ్య కనీసం 0.414 ఉండాలి, కాని 90 డిగ్రీల కొసైన్ సున్న. కొసైన్‌కు బదులు కోణాన్ని 180తో భాగించి 1లోంచి తీసివేస్తే, పక్కపక్కన 0.75, చివరల మధ్య 0.5, లెక్క సరిపోయింది. దగ్గరివాటిని ఏరి వరుసలో పెట్టడానికి రెండూ ఒకే వరుసనే ఇస్తాయి. మధ్యదారి ద్వారా ఏదైనా అంచనా వేయాలంటే మాత్రం కోణమే నమ్మదగినది.

ఊళ్ల పేర్లను ఎలా పోల్చాలని అడిగినవారికి క్లుప్తంగా జవాబు. మన వైపు ‘వలస’తో ముగిసే ఊళ్లు చాలా ఉండటం వల్ల, ఆమదాలవలస, కొత్తవలస రెండింటికీ అనవసరంగా పోలిక వస్తోంది. పక్కపక్క అక్షరాల జతలు రాసి చూడండి. ఉమ్మడి జతలు ‘వల’, ‘లస’ రెండు. మొత్తం వేర్వేరు జతలు ఎనిమిది. ఉమ్మడివాటిని మొత్తంతో భాగించే, పాల్ జక్కార్ 1901లో మొక్కల విస్తృతిని పోల్చడానికి వాడిన నిష్పత్తి ప్రకారం పోలిక 0.25. ఆమదాలవలసను ఎవరైనా ఆముదాలవలస అని రాస్తే ఆ రెండింటి మధ్య 0.5 వస్తుంది. ఒకే ఊరి రెండు రాతల పోలికకూ, వేర్వేరు ఊళ్ల పేర్ల పోలికకూ తేడా రెండింతలే. ‘వల’, ‘లస’ జతల బరువును 1కి బదులు 0.1 చేస్తే, మొదటిది సుమారు 0.03కు, రెండోది సుమారు 0.35కు దిగి, తేడా పదకొండింతలవుతుంది. బరువులు పెట్టినా పెట్టకపోయినా జక్కార్ నిష్పత్తి లోటు లెక్కను పాటిస్తుంది. పేరు అక్షరం పొల్లుపోకుండా కలిసి పోలిక 1 వచ్చినా ఊరు ఒకటేనని అనుకోవద్దు. కొత్తవలస, కొత్తపేట లాంటి పేర్లు ఒక్క ఊరికే సొంతం కావు. మండలం నిలువు వరుసను తప్పక జత చేయండి.

అభ్యాసం ఒక్కటే, కాని ఈసారి తీరికగా కూర్చోవాలి. ఉమ్మడి జతల సంఖ్యను రెట్టింపు చేసి, రెండు పేర్లలోని జతల మొత్తంతో భాగించే డైస్ కొలత మీలో కొందరు వాడారు. ఒకే మూలకమున్న రెండు వేర్వేరు సమితులనూ, ఆ రెండూ కలిసిన సమితినీ తీసుకుని, డైస్ కొలత లోటు లెక్కను ఎందుకు పాటించదో, జక్కార్ ఎందుకు పాటిస్తుందో అంకెలతో చూపండి. ఆ తరువాత మీ ఊరి చుట్టుపక్కల నుంచి ముప్పై నిజమైన ఊళ్ల పేర్లు తీసుకుని, మూడేసి చొప్పున ఉన్న 4,060 కలయికలన్నిటిలో డైస్ ఎన్నిచోట్ల తప్పిందో ప్రోగ్రాంతో లెక్కించండి. ప్రతి కలయికలోనూ మూడు పేర్లలో ఒక్కొక్కదాన్నీ మధ్యలో ఉంచి మూడుసార్లు చూడాలి. ఒకసారే చూస్తే సంఖ్య తక్కువగా వస్తుంది.