భారీ గేమ్ తడబడుతుంటే: కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు

సైబర్‌పంక్ 2077 వంటి బరువైన గేమ్ హనుమకొండలో డిసెంబరు చలిలో సాఫీగా నడిచి, మే నెల వచ్చేసరికి అదే కంప్యూటర్‌పై, అవే సెట్టింగులతో కుంటుతున్నదంటే, అనుమానించవలసింది ముందుగా ఎండను. కొత్త గ్రాఫిక్స్ కార్డు ధరలు వెతకడం అన్నిటికన్నా చివర చేయవలసిన పని.

మొదట కొలత కావాలి. ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సెకనుకు తెరపై మారే బొమ్మల (ఫ్రేముల) సంఖ్యను, గ్రాఫిక్స్ కార్డు వినియోగ శాతాన్ని, ఉష్ణోగ్రతను, క్లాక్ వేగాన్ని (చిప్ పనిచేసే వేగాన్ని) గేమ్ నడుస్తుండగానే తెర మూలన చూపిస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. కార్డు వినియోగం 95 శాతానికి పైగా ఉంటే ఆలస్యం కార్డు దగ్గరే జరుగుతున్నట్టు. వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టిపడేసే సెట్టింగు), ఫ్రేము పరిమితి రెండూ తీసేసిన తర్వాత కూడా వినియోగం 60, 70 దగ్గరే ఆగితే సాధారణంగా ప్రాసెసర్ పని అందించలేకపోతున్నట్టు. రిజల్యూషన్‌ను (తెరపై పిక్సెళ్ల, అంటే చుక్కల, సంఖ్యను) 1080 నుంచి 720కి తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే ఆ అనుమానం బలపడుతుంది.

ఆట మొదలైన పది పదిహేను నిమిషాలు బాగుండి, ఆ తర్వాత ఫ్రేములు పడిపోతూ, అదే సమయంలో ఉష్ణోగ్రత పెరిగి క్లాక్ వేగం తగ్గుతుంటే కారణం వేడి. హద్దు దాటకుండా చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాన్ గది గాలితోనే చల్లబరుస్తుంది కనుక, గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. రామగుండంలో 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఫలితం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. దీనికి దుమ్ము తోడవుతుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి సీజన్‌లో ఎగిరే నూగు, బొగ్గు గనుల ప్రాంతాల్లో నల్లటి ధూళి హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) రెక్కల మధ్య చాపలా పేరుకుంటాయి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకొని, మెత్తటి బ్రష్షుతోనూ బ్లోయర్‌తోనూ శుభ్రం చేయాలి. మూడు నాలుగేళ్లు దాటిన యంత్రమైతే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మార్పించడం మంచిది. ఎయిర్ కూలర్ గదిని చల్లబరుస్తుంది గానీ, దాని తడిగాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టేలా పెట్టకూడదు. (మా ఇంట్లో కూలర్ ముందు చోటు ఎప్పుడూ పెద్దవాళ్లదే కాబట్టి ఆ ప్రమాదం లేదు.)

వేడి లేకున్నా మొదటి నిమిషం నుంచే నెమ్మదిగా ఉంటే చిన్న పొరపాట్లు వెతకాలి. మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించడం నవ్వు తెప్పించేంత మామూలు తప్పు. ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉండటం, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులలో) ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయకపోవడం ప్రాసెసర్‌ను వెనక్కి లాగుతాయి. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీపై నడుస్తున్నప్పుడు వేగం తగ్గడం దాని స్వభావమే. అప్పటి కొలతలను లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక సెట్టింగులు. కార్డు మీద భారం ఉంటే ముందు రే ట్రేసింగ్ (వెలుతురు, ప్రతిబింబాలను నిజంలా లెక్కగట్టే సెట్టింగు) ఆపి, ఆ తర్వాత నీడలు, పొగమంచు వంటివి ఒక్కొక్కటిగా తగ్గించాలి. ప్రతి మార్పు తర్వాత గేమ్‌లోని బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) నడిపితే ఏది ఎంత తింటున్నదో తెలుస్తుంది. 1440 రిజల్యూషన్‌లో 1080 కంటే దాదాపు 78 శాతం ఎక్కువ పిక్సెళ్లు ఉంటాయి కనుక డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే పద్ధతి) అక్కడ బాగా ఆదుకుంటుంది. టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాల బొమ్మలు) మాత్రం కార్డులోని వీడియో మెమరీ నిండినప్పుడే తగ్గించాలి. ప్రాసెసర్ మీద భారం ఉంటే రే ట్రేసింగ్ ఆపడం తప్ప ఇవేవీ పెద్దగా పనిచేయవు; గేమ్‌లోని వీధుల్లో జనసాంద్రతను తగ్గించడం పనిచేస్తుంది.

ఇవన్నీ చేశాక, కార్డు చల్లగా ఉండి, పూర్తి వేగంతో 98 శాతం పనిచేస్తూ కూడా తక్కువ సెట్టింగులలోనే చాలకపోతే అప్పుడు కొత్త కార్డు గురించి ఆలోచించవచ్చు. బయలుదేరేముందు పవర్ సప్లై ఎన్ని వాట్లదో, దానికి కొత్త కార్డు అడిగే కనెక్టర్లు ఉన్నాయో లేవో, క్యాబినెట్‌లో ఎంత పొడవు కార్డు పడుతుందో కొలిచి రాసిపెట్టుకోండి.