కేసినోలో డీలర్‌కు టిప్ ఎలా ఇవ్వాలి?

వాస్కో రైలు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా పడ్డాక పాలమూరు నుంచి గోవా పోవడం సులువైంది. పనజీలో మండోవి నది మీది కేసినో పడవలెక్కే మనవాళ్లకు ఆట కొత్తేమీ కాదు. తీన్‌పత్తి, అందర్ బాహర్ దీపావళికి ఇంట్లో చూసినవే. తప్పంతా టిప్ దగ్గరే జరుగుతుంది. ఇక్కడ పత్తాలాటలో గెలిచినాయన చాయ్ తెచ్చిన పిలగాని జేబులో నోటు కుక్కుతాడు. పడవ మీద పత్తాలు పంచే డీలర్‌కు అట్ల చేస్తే ఆ మనిషి ఉద్యోగానికే ఎసరు.

ఇదంతా లైసెన్సు ఉన్న కేసినోల మాట. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం పైసలు పెట్టి ఆడించే అడ్డాలు నడపడమే నేరం. ఫామ్‌హౌస్‌లో ఎవరైనా టేబుల్ వేసి పిలిస్తే అక్కడ టిప్ గురించి కాదు, బయటపడే దారి గురించి ఆలోచించాలి.

ముందు చిప్పులు, అంటే పైసలకు బదులు పందెం కాసే బిళ్లలు, సర్దుకోండి. టికెట్ ప్యాకేజీతో ఇచ్చే ఓటీపీ (వన్ టైమ్ ప్లే) చిప్పులు ఆడటానికే, వాటికి నగదు రాదు. డీలర్‌కు అవి ఇచ్చి మర్యాద చేశామనుకోవద్దు. కౌంటర్‌లో డబ్బు కట్టి తీసుకునే చిప్పుల్లో నాలుగైదు అన్నిటికన్నా చిన్నవి అడిగి, విడిగా ఎడమ జేబులో వేసుకోండి. కుప్పలో కలిపితే ఆట వేడిలో అవీ పందెంలోకి పోతాయి.

ఇక అసలు పని, చిప్పు ఇవ్వడం. ఇందులో సమయం, చోటు, మాట, చెయ్యి అని నాలుగు సంగతులున్నాయి. ఏ ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టే.

సమయం: ఆట ముగిసి, గెలిచినవాళ్లకు చెల్లింపులు అయిపోయి, డీలర్ పత్తాలు సర్దేసిన తర్వాత ఇవ్వాలి. కొత్త పందేలు పిలిచాక టేబుల్ మీద పడే ప్రతి చిప్పూ పందెం కిందికే రావచ్చు. పంచడం మొదలైందంటే చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగండి.

చోటు: పందెం గడి బయట, టేబుల్‌కు పరిచిన బట్ట మీద డీలర్ వైపు ఖాళీ జాగాలో పెట్టాలి. అందర్ బాహర్ టేబుల్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బట్టంతా గడులే కాబట్టి చిప్పు గీత మీద పడితే అది టిప్పా, పందెమా అన్న పేచీ మొదలవుతుంది. విసరొద్దు, దొర్లించొద్దు. వేలితో నొక్కి పట్టుకుని మెల్లగా జరపాలి.

మాట: "భయ్యా, యే టిప్ హై" లేదా "మేడం, టిప్" అని పక్కవాళ్లకు కూడా వినపడేలా చెప్పండి. గుసగుసలాడితే ఇంకేదో ఇస్తున్నట్టు కనిపిస్తుంది.

చెయ్యి: చిప్పు పెట్టగానే వెనక్కి తీసెయ్యాలి. అప్పుడు డీలర్ దాన్ని తీసుకుని, టక్కుమని తట్టి, సూపర్‌వైజర్ చూసేలా చెప్పి టిప్ పెట్టెలో వేస్తారు. తర్వాత రెండు అరచేతులూ తిప్పి చూపిస్తారు. అది నమస్కారం కాదు, నా చేతిలో ఏమీ లేదని పైన కెమెరాకు చెప్పడం. చేతి నుంచి చేతికి పోయే చిప్పు కెమెరాకు కనపడదు. డీలర్, ఆటగాడు కుమ్మక్కై చిప్పులు దాటించే మోసం ఉన్నందుకే ఈ కట్టుబాట్లన్నీ. చెయ్యి చాపినా డీలర్ తీసుకోలేదంటే అది మిమ్మల్ని అవమానించడం కాదు.

టేబుల్ మీద నోటు మాత్రం పెట్టొద్దు. 500 నోటు పెట్టారనుకోండి, డీలర్ దాన్ని బట్ట మీద పరిచి, లెక్క పైకి చెప్పి, 500కు చిప్పులు లెక్కపెట్టి మీ ముందుకే జరుపుతారు. నోటంటే చిప్పులు కొనడానికే అన్నది అక్కడి లెక్క.

కొందరు డీలర్ పేరున పందెం కాస్తారు. కేసినో ఒప్పుకుంటుందో లేదో అడిగి, తమ పందెం పక్కన ఒక చిప్పు పెడతారు. గెలిస్తే అది, దాని మీద వచ్చింది రెండూ పెట్టెలోకి పోతాయి. చూడ్డానికి హుషారుగానే ఉంటుంది కానీ పద్ధతి మంచిది కాదు. ఓడితే మీరు డీలర్‌కు ఇవ్వాలనుకున్నది కేసినో గల్లాలో పడుతుంది. ఇవ్వదలచుకుంటే నేరుగా ఇవ్వండి.

ఎంత? హోటల్ బిల్లులా శాతం లెక్క లేదు. పెద్ద ఆట గెలిస్తే ఒక చిన్న చిప్పు, లేచేటప్పుడు ఇంకోటి చాలు. ఓడితే ఏమీ ఇవ్వనక్కర్లేదు. టిప్ ఇస్తే మంచి పత్తాలు పడతాయన్నది ఒట్టి మాట, ఏ పత్తా ఎవరికి పోవాలో డీలర్ చేతిలో ఉండదు. డీలర్లు అరగంటకో, అంతకన్నా ముందో టేబుల్ మారుతుంటారు. మారినవాళ్లను వెతుక్కుంటూ పోవద్దు, చాలాచోట్ల పెట్టెలో పడ్డది అందరూ పంచుకుంటారు. చక్రం తిప్పే ఆట రౌలెట్‌లో ఇచ్చే రంగు చిప్పులు ఆ టేబుల్ దాటితే చెల్లవు. లేచేముందు వాటిని మార్పించుకునేటప్పుడే అందులోంచి టిప్ తీయండి.

వెయిటర్‌కు ఈ నియమాలేవీ లేవు, 50 లేదా 100 నోటు చేతికే ఇవ్వొచ్చు. మందు, తిండి ప్యాకేజీలో ఉన్నా మొదటి ట్రే వచ్చినప్పుడే ఇవ్వడం సరి. సూపర్‌వైజర్‌కు ఇవ్వకూడదు. స్టేజీ మీద ఆడేవాళ్ల మీదికి బరాత్‌లో చల్లినట్టు నోట్లు చల్లొద్దు.

ఇదే అలవాటుతో దేశం దాటితే ముందు అక్కడి పద్ధతి కనుక్కోండి. లాస్ వేగాస్‌లో డీలర్ల సంపాదనలో టిప్పులదే పెద్ద వాటా. బ్రిటన్‌లో 2005 జూద చట్టం వచ్చేదాకా డీలర్‌కు టిప్ నిషేధం. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ డీలర్లు తీసుకోకూడదు, మీరు చిప్పు జరిపినా మీ ముందుకే తిరిగి వస్తుంది.