పాత ఇల్లు, వెనక పెరడు: ముందు వాన నీళ్ళ దారి పట్టుకోండి

పాత ఇల్లు చేతికి రాగానే చాలామంది మేస్త్రీని పిలిచి పెచ్చులు కొట్టించి రంగులు వేయిస్తారు. దయచేసి ఒక్క వానాకాలం ఆగండి. హైదరాబాద్‌లో పద్మారావు నగర్, నల్లకుంట, బర్కత్‌పుర, మారేడ్‌పల్లి వైపు ఇంకా మిగిలిన ఇళ్ళు ఉన్నాయి చూడండి, షాబాద్ బండల నేల, మూరెడు మందం రాతి గోడలు, వెనక ఒక బావి, మామిడి, కరివేపాకు, నిమ్మ, అలాంటి ఇంట్లో గోడకు వచ్చే జబ్బు, చెట్టుకు వచ్చే జబ్బు చాలావరకు ఒకటే. నీళ్ళు పోవాల్సిన చోటికి పోకపోవడం. మా ఇంట్లో ఇది అర్థం కావడానికి నాకు మూడేళ్ళు పట్టింది, మీకు అంత పట్టకూడదనే రాస్తున్నాను.

మృగశిర కార్తె, అంటే జూన్ 8 అటూ ఇటూ, రాకముందే బంగ్లా (ఇంటి పైకప్పు) మీద ఆకులన్నీ ఊడ్చి గొట్టాల మూతులు శుభ్రం చేసేయండి. ఆ తర్వాత మొదటి గట్టి వాన పడుతున్నప్పుడే గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరగండి, ఆగిపోయాక కాదు. బంగ్లా నీళ్ళు ఏ గొట్టం నుంచి ఎక్కడ పడుతున్నాయి, గోడ మొదట్లో కొడుతున్నాయా, మోరీలోకి పోతున్నాయా, వాన వెలిసిన అరగంటకు ఎక్కడ నిలబడి ఉన్నాయి, ఇవన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. లోపలికి వచ్చి అటక మీద, దూలాల పక్కన చెమ్మ ఎక్కడుందో చూసి పెన్సిల్‌తో దాని చుట్టూ గీత గీసి తేదీ వేయండి. వచ్చే వానకు ఆ మరక గీత దాటితే అక్కడ పని ఉన్నట్టు, దాటకపోతే అది పాత మరకే.

చాలా ఇళ్ళల్లో కనిపించే తప్పు ఒకటుంది. ఏళ్ళ తరబడి పెరట్లో ఎరువులు, ఆకులు, మట్టి పోస్తూ పోతే నేల ఎత్తు పెరిగి ఇంటి పునాది అరుగుకు సమానమైపోతుంది, ఒక్కోసారి దాన్ని మించుతుంది. ఇక ఆ తడంతా గోడలోకే. గోడ పక్కన మీటరు వెడల్పున ఆ మట్టి తీసేసి, గోడ నుంచి బయటికి రెండు మూడు అంగుళాల వాలు పెట్టండి. మాకు ఇద్దరు మనుషులు, రెండు రోజుల పని. తీసిన మట్టి బంగారంలాంటిది, బీర పాదుకూ సొర పాదుకూ వాడుకున్నాం.

ఇక గోడల సంగతి. నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. వెనక గదిలో పెచ్చులు ఊడుతుంటే ఒక మేస్త్రీ సిమెంటు కొట్టేస్తే టెన్షన్ ఉండదన్నాడు, సరేనన్నాను. మొదటి ఏడాది గోడ అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి సిమెంటు పొర ఉబ్బి, వెనక తెల్లటి ఉప్పు పొడి పట్టి, పలకలు పలకలుగా పడిపోయింది, దాంతోపాటు లోపలి పాత సున్నం కూడా ఊడొచ్చింది. తర్వాత వచ్చిన పెద్దాయన గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, "లోపలి తడి బయటికి పోవాలె కద బిడ్డా, నువ్వు దారి మూస్తే అదేడికి పోతది?" అన్నాడు. నిజంగా అంతే. డంగు సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం, దానితో కట్టిన గోడ తడి పీల్చుకుని ఎండకు మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటుగానీ ప్లాస్టిక్ పెయింట్‌గానీ వేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది.

కాబట్టి సున్నం గోడకు సున్నమే వేయించండి. బట్టీ సున్నం, అంటే బట్టీలో కాల్చిన సున్నపు గడ్డలు, తెచ్చి కనీసం వారం పది రోజులు నీళ్ళలో నానబెట్టాలి, ఎంత ఎక్కువ నానితే అంత మంచిది. నీళ్ళలోకి సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం కుప్ప మీద నీళ్ళు కుమ్మరించకూడదు, అది బుసబుసా ఉడికి మీదికి చిమ్ముతుంది. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి, ప్లాస్టిక్ బకెట్‌లో మాత్రం వద్దు, ఆ వేడికి ఆగదు. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ళ ఇసుక, తడి ఎక్కువ తగిలే చోట ఇసుకలో కొంత తగ్గించి మెత్తటి ఇటుక పొడి. పాతకాలం మేస్త్రీలు బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కూడా కలిపేవారు. వేశాక వారం రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. దీపావళి తర్వాత నుంచి ఫిబ్రవరి లోపు చేయించుకుంటే బాగుంటుంది, రోహిణి కార్తె ఎండల్లో చేయిస్తే తొందరగా ఆరిపోయి నెర్రెలిస్తుంది.

కొట్టేసిన సున్నం పెచ్చులను మాత్రం పెరట్లో పోయకండి. మా నిమ్మచెట్టు, కరివేపాకు లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే తెగులనుకుని మందులు కొట్టాం, ఏమీ లాభం లేకపోయింది. కారణం నేలలో కలిసిన సున్నం. మట్టిలో క్షారం పెరిగితే ఇనుము ఉన్నా కూడా వేళ్ళు తీసుకోలేవు. చెట్టు మొదట్లో పెచ్చులన్నీ ఏరేసి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి, బట్టలుతికిన నీళ్ళు అటు పోకుండా మోరీ మళ్ళించాక, ఏడాదికి కొత్త చిగుళ్ళు పచ్చగా వచ్చాయి. గిన్నెలు కడిగిన నీళ్ళకు అరటి, చేమ సరిపోతాయి, కానీ అరటిని గోడకు కనీసం రెండు మీటర్లు దూరంగా పెట్టండి. అది ఉన్నచోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

ఆగస్టు, సెప్టెంబర్‌లో ఒకసారి పిట్టగోడ, సజ్జలు, గొట్టాల పక్కన వెతకండి. పక్షుల రెట్టలతో వచ్చిన రావి మొలకలు అప్పుడు వేలెడంత ఉంటాయి, గోడ తడిగా ఉంటుంది కాబట్టి వేరుతో సహా వచ్చేస్తాయి. పైపైన కోస్తే మళ్ళీ మొలుస్తుంది, వేరు లోపల లావెక్కుతుంది. అప్పటికే బొటనవేలంత లావైతే సందు తెరిచి వేరంతా తీయించి సున్నంతో నింపించండి. పెద్ద చెట్టు ఏదైనా కొట్టాలనుకుంటే ముందు అనుమతి సంగతి కనుక్కోండి, 2002 నుంచి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది. నా మట్టుకు నేనైతే కొట్టొద్దనే చెబుతాను, గోడ వైపు కొమ్మలు తీయిస్తే చాలాసార్లు సరిపోతుంది.

పెరటి పనుల్లో అందరూ మరిచిపోయేది మల్లె. డిసెంబర్‌లో నీళ్ళు ఆపి, ఆకు దూసి, సంక్రాంతి దాటాక కొమ్మలు కత్తిరించి ఎరువు వేసి మళ్ళీ తడి పెడితే ఎండాకాలం చెట్టు నిండా మొగ్గలే. పూత రాకముందు మామిడికి నీళ్ళు ఎక్కువ పెట్టకండి, ఆకులు వస్తాయిగానీ పూత తగ్గుతుంది. చిక్కుడు జూలై, ఆగస్టులో పెడితే చలికాలంలో కాస్తుంది. మునగ మొద్దు మీద వానాకాలంలో గొంగళి పురుగులు గుంపుగా పట్టి ఉంటాయి, చేత్తో ముట్టుకోకండి. మొక్కల కింది పళ్ళేల్లో నీళ్ళు వారానికోసారి పారబోయండి, డెంగీ దోమ పెరగడానికి ఆ కాసిన్ని మంచినీళ్ళు చాలు.

కరెంటు విషయంలో ఒక్కటే మాట. చెమ్మ ఉన్న గోడ మీద స్విచ్‌బోర్డు ఉంటే వెంటనే మార్పించండి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి, దీనికి మాత్రం వానాకాలం దాకా ఆగొద్దు. జూలైలో టేకు దర్వాజలు బిగుసుకుంటే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. ఫిబ్రవరికి అవే ఆరి సందులు పడతాయి. అంచులకు కొవ్వొత్తి రుద్దండి.

చివరగా బావి. పూడ్చేసి సంపు కట్టుకోమని మాకు చాలామంది చెప్పారు, పూడ్చనందుకు ఈరోజు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. వెయ్యి చదరపు అడుగుల బంగ్లా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 1,800 లీటర్ల పైనే. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది, కొంత వృథా పోయినా 60 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. మొదటి రెండు వానల నీళ్ళు దుమ్ము, రెట్టలతో ఉంటాయి కాబట్టి బయటికి వదిలేసి, తర్వాతి నీళ్ళను కంకర, ఇసుక వేసిన చిన్న తొట్టిలోంచి బావిలోకి పంపండి. ఆ నీళ్ళు మొక్కలకు, కడుగుళ్ళకే, తాగడానికి కాదు. మోరీ నీళ్ళు మాత్రం చుక్క కూడా అటు పోకూడదు. పైన ఇనుప జాలీ వేసి తాళం పెట్టండి. మేము ఏటా అక్టోబర్‌లో, మళ్ళీ మే నెలలో, మూరకొక ముడి వేసిన తాడుకు రాయి కట్టి వదిలి, నీళ్ళు ఎన్ని ముడుల లోతులో తగిలాయో చూసి బావి గోడ మీద తేదీతో రాస్తాం. మొన్న మే నెలలో ఐదు ముడులకే తగిలింది.