గుండె దడకు అబ్లేషన్: ఆసుపత్రి నుంచి వచ్చాక ఎనిమిది వారాల జాగ్రత్తలు

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు, అంటే గుండె లయ తప్పి అస్తవ్యస్తంగా కొట్టుకునే జబ్బుకు, అబ్లేషన్ చేయించుకోబోయేవారి భయమంతా ఆ ఒక్క రోజు గురించే ఉంటుంది. మా నాన్నగారికి చేయించినప్పుడు మేమూ అలాగే భయపడ్డాము. ఆ రోజు చూసుకోవడానికి వైద్యులుంటారు. తరువాతి ఎనిమిది వారాలు చూసుకోవలసింది ఇంట్లోవాళ్ళే.

అబ్లేషన్‌లో గజ్జలోని సిర గుండా సన్నని గొట్టాలను గుండె ఎడమ పైగదికి చేర్చి, ఊపిరితిత్తుల సిరలు వచ్చి కలిసే చోట వేడితోనో, అతిశీతలంతోనో, విద్యుత్ పల్స్‌లతోనో చుట్టూ మచ్చ కట్టేలా చేస్తారు. దడను రేపే సంకేతాలు ఎక్కువగా ఆ సిరల్లోనే పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు; వాటిని గుండెలోకి రాకుండా ఆ మచ్చ అడ్డుకుంటుంది.

ఆపరేషన్ అనగానే రక్తం పలుచబడే మాత్రలు ఆపేయాలని బంధువులు చెబుతారు. దయచేసి వినకండి, ఏ మోతాదు మానాలో, అసలు మానాలో లేదో వైద్యుడే చెప్పాలి.

ఇంటికి వచ్చాక వారం రోజులపాటు నీళ్ళ బకెట్, బియ్యం బస్తా వంటి బరువులు ఎత్తకూడదు. గొంతుకూర్చోవడం, బండికి కిక్ కొట్టడం కూడా మానాలి. దగ్గు వస్తే గజ్జ దగ్గర అరచేయి అదిమి పెట్టుకోవాలి. నాన్నగారి తొడ మీద కమిలిన మచ్చ ముందు ఊదాగా, తరువాత ఆకుపచ్చగా మారి, పసుపు రంగుకు తిరిగి మోకాలి దాకా దిగింది. చూడటానికి భయంకరంగా ఉన్నా అది మానుతున్న గుర్తే. అయితే వాపు గట్టిపడి పెరుగుతున్నా, రక్తం కారుతున్నా వెంటనే పడుకోబెట్టి ఆ చోట గట్టిగా నొక్కి పట్టాలి. పది నిమిషాలకూ ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

దడ మళ్ళీ వస్తే చికిత్స వృథా అయిందని కుంగిపోకండి. గాయం మానే ఈ ఎనిమిది వారాల్లో దడ రావడం మామూలే (పూర్వం మూడు నెలలు లెక్క వేసేవారు). వచ్చిన రోజు, సమయం రాసుకొని వైద్యుడికి చూపండి. కళ్ళు తిరిగినా, స్పృహ తప్పినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. దడ తగ్గింది కదా అని రక్తం పలుచబడే మాత్రలు మానేయడం పెద్ద పొరపాటు. కనీసం రెండు నెలలు అవి తప్పవు. ఆ పైన కొనసాగించాలా అన్నది పక్షవాతం ముప్పును బట్టి తేలుతుంది, దడ ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు.

అన్నిటికన్నా అరుదైనదీ, ప్రాణాంతకమైనదీ ఒకటుంది: గుండె వెనుకనే ఉన్న అన్నవాహికకు గాయమై, రెంటికీ మధ్య రంధ్రం పడటం. ఇది ఎక్కువగా రెండు నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి రెండు నెలలకు బయటపడుతుంది. జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, కాలూచేయీ పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా జ్వరం బిళ్ళతో సరిపెట్టకండి. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా అబ్లేషన్ జరిగిందని ముందే చెప్పండి; ఈ అనుమానం ఉన్నప్పుడు ఛాతీకి సీటీ స్కాన్ తీయాలే తప్ప ఎండోస్కోపీ (నోటి గుండా గొట్టం వేసి లోపల చూడటం) చేయకూడదు, అందులో ఊదే గాలి గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. అందుకే డిశ్చార్జ్ కాగితం నకలును రెండు నెలలపాటు రోగి జేబులోనే ఉంచండి.